తెర మీద ఆగని రెక్క

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం విమానపు రెక్క చుట్టూ గాలి ఎలా పోతుందో కంప్యూటర్లో లెక్కగట్టాను. రెక్క ముందు అంచుని పైకెత్తుతూ పోతే, ఒక కోణం దాటాక గాలి పైభాగాన్ని అంటిపెట్టుకోలేక విడిపోతుంది. పైకి లేపే బలం పడిపోతుంది. దాన్ని స్టాల్ అంటారు. పుస్తకంలోని ప్రయోగ ఫలితాల ప్రకారం స్టాల్ రావాల్సిన కోణం దాటిపోయినా, నా తెర మీద రెక్క హాయిగా ఎగురుతూనే ఉంది. ఎరుపు, నీలం రంగుల్లో బొమ్మ మాత్రం చూడముచ్చటగా వచ్చింది. మార్కులూ బాగానే వచ్చాయి.

తప్పెక్కడుందో అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. సాఫ్ట్‌వేర్ మెనూలో నేను ఆలోచించకుండా వదిలేసిన ఒక ఎంపికలో ఉంది: టర్బులెన్స్ మోడల్. ఆ మెనూలో ఉన్న ఒక్కో పేరు వెనకా కొన్ని దశాబ్దాల చరిత్ర ఉంది.

అగరొత్తి పొగ చూడండి. కొంత దూరం దారంలా నిటారుగా లేస్తుంది, ఆపైన చెదిరి సుడులు తిరుగుతుంది. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో నీటితో పాటు రంగుని పంపి ఇదే మార్పుని కొలిచాడు. 1895లో ఇంకో అడుగు వేశాడు: ప్రతి సుడినీ పట్టుకోలేం కాబట్టి సగటు వేగాన్ని లెక్కిద్దాం అన్నాడు. కానీ సగటు తీయగానే సమీకరణాల్లో కొత్త పదాలు పుట్టుకొచ్చాయి. సుడులు సగటు ప్రవాహం మీద చూపే ఒత్తిడి అది. ఆ పదాలకి సమీకరణాలు రాస్తే వాటిలో ఇంకా కొత్త పదాలు వస్తాయి. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు చేసినట్టు. ఎక్కడో ఒక చోట ఆగి, మిగిలినదాన్ని ఊహతో పూరించాలి. ఆ ఊహ పేరే మోడల్.

మొదటి ఊహ అప్పటికే ఉంది. 1877లో ఫ్రాన్స్‌లో బుస్సినెస్క్, సుడులు ద్రవాన్ని మరింత చిక్కగా చేసినట్టు ప్రవర్తిస్తాయనుకుందాం అన్నాడు. ఎంత చిక్కగా? 1925లో జర్మనీలో ప్రాంట్ల్ ఒక పొడవు ఇచ్చాడు: గాలి ముద్ద తన వేగాన్ని మోసుకెళ్ళి చుట్టుపక్కల కలిసిపోయేదాకా పోయే దూరం. బాగానే పనిచేసింది. కాకపోతే ప్రతి కొత్త ప్రవాహానికీ ఆ పొడవు ఎంతో మనమే చెప్పాలి.

యుద్ధం నడుస్తున్న 1942లో సోవియట్ గణితవేత్త కాల్మొగొరోవ్ ఆ భారాన్ని సమీకరణాలకే అప్పగించాడు. సుడుల శక్తికి ఒకటి, వాటి వేగపు లయకి ఒకటి, మొత్తం రెండు సమీకరణాలు. వాటిని సాధించగల కంప్యూటర్లు అప్పటికి లేవు. పశ్చిమ దేశాల్లో ఆ వ్యాసాన్ని చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

కంప్యూటర్లు వచ్చాక, 1968లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక సభ జరిగింది. పద్ధతులు తయారుచేసినవాళ్ళందరూ ఒకే రకం ప్రవాహాల్ని లెక్కగట్టి, ప్రయోగాలతో పోల్చి చూపించాలి. దానికి ఒలింపిక్స్ అని పేరు పడింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే లండన్ ఇంపీరియల్ కాలేజీలో లాండర్, స్పాల్డింగ్ బృందం నుంచి కె-ఎప్సిలాన్ మోడల్ వచ్చింది. అందులో 0.09, 1.44, 1.92 లాంటి స్థిరాంకాలుంటాయి. ఇవి ప్రకృతి నియమాలు కావు. జాలీ వెనక క్రమంగా చల్లారే సుడుల్లాంటి సరళమైన ప్రయోగాలకి కుదిరేలా ఎంచుకున్న అంకెలు. నా ప్రాజెక్టులో ఉన్నది ఈ మోడలే. పీడనం ఎదురు తిరిగే చోట, అంటే రెక్క పైభాగాన వెనకవైపు, ఇది సుడుల ఒత్తిడిని ఎక్కువ చేసి చూపిస్తుంది. దాంతో గాలి రెక్కని వదలాల్సిన చోట వదలదు.

దీనికి మందు 1968 సభ నాటికే ఉంది. ఒత్తిడి, సుడుల శక్తిలో సుమారు 0.3 వంతు ఉంటుందని ఇంగ్లండ్‌లో బ్రాడ్‌షా, అతని సహచరులు 1967లోనే వాడి చూపారు. 1994లో నాసా ఏమ్స్‌లో మెంటర్ ఆ మాటనే ఒక హద్దుగా పెట్టాడు. గోడ దగ్గర విల్కాక్స్ 1988 నాటి కె-ఒమేగాని, దూరంగా కె-ఎప్సిలాన్‌ని వాడి రెండింటినీ అతికించాడు. దాని పేరు ఎస్ఎస్‌టి. ఇదే కాలంలో, 1992లో, బోయింగ్‌లో స్పలార్ట్, ఆల్మరాస్ రెక్కల కోసమని ఒకే సమీకరణంతో సరిపెట్టారు. విమానాల లెక్కల్లో ఇప్పటికీ ఎక్కువగా వినబడే పేర్లు ఈ రెండే.

ఈ కథని అజ్ఞానం నుంచి జ్ఞానానికి ఎక్కే నిచ్చెనలా చెప్పడం మామూలు. నాకలా అనిపించదు. ఒక సమీకరణం మోడల్ రెండు సమీకరణాల మోడల్ తర్వాత వచ్చింది, కొన్ని పనుల్లో దాన్ని మించింది. 1980-81లో స్టాన్‌ఫర్డ్‌లో రెండోసారి కలిసినప్పుడు కూడా అన్నిటికీ సరిపోయే మోడల్ దొరకలేదు. కాబట్టి ఏ మోడల్ మంచిదనే ప్రశ్నకి ముందు, ఏ ప్రవాహానికి అని అడగాలి.

మోడల్ లేకుండా ప్రతి సుడినీ లెక్కగట్టలేమా? 1987లో కిమ్, మోయిన్, మోసర్ రెండు పలకల మధ్య నెమ్మదైన ప్రవాహానికి అలా చేశారు. దానికే సుమారు 40 లక్షల బిందువులు కావాల్సొచ్చాయి. మొత్తం విమానానికి అలా చేయడం 2080 ప్రాంతంలో గానీ సాధ్యం కాదని 2000లో స్పలార్టే అంచనా వేశాడు. 1963లో వాతావరణ లెక్కల కోసం స్మగొరిన్‌స్కీ చూపిన మధ్యేమార్గం ఒకటుంది: పెద్ద సుడుల్ని లెక్కించి, చిన్నవాటికే మోడల్ వాడటం. రెక్క ఉపరితలం దగ్గర సుడులు మరీ చిన్నవి కావడంతో అదీ ఖరీదైన వ్యవహారమే.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నన్ను ఆకట్టుకున్న విషయం ఇంకొకటి. నాసా లాంగ్లీ వాళ్ళు ఈ మోడళ్ళ కోసం ఒక వెబ్‌సైట్ పెట్టారు. ఒకే పేరున్న మోడల్ ఒక్కో ప్రోగ్రాములో ఒక్కో రకంగా ఉండటంతో, ఏ రూపాన్ని ఏ పేరుతో పిలవాలో అందులో రాసిపెట్టారు. ఎస్ఎస్‌టికే చాలా రూపాలున్నాయి. ఫలితం పక్కన మోడల్ పేరు, దాని రూపం రాయకపోతే, తేడా గాలిదో మనదో చెప్పడం కష్టం.

ఈ మధ్య ఆ పాత రెక్కని ఎస్ఎస్‌టితో మళ్ళీ నడిపాను. ఈసారి స్టాల్ వచ్చింది, ప్రయోగానికి దగ్గరగానే, కానీ సరిగ్గా అక్కడ కాదు. కొత్త విమానం స్టాల్ వేగాన్ని ఈనాటికీ పైలట్లు ఆకాశంలో ఎగిరి తేల్చాల్సిందే. నా పాత రిపోర్టు తీసి చూశాను. నలభై పేజీల్లో రంగుల బొమ్మలు బోలెడున్నాయి, మోడల్ పేరు మాత్రం ఎక్కడా లేదు.