బ్యాటరీ బోఝ్ ఎవరి నెత్తిన? ఎలక్ట్రిక్ కారు హిసాబు, నూట ఇరవై ఏళ్ల తవారీఖ్

పోయిన ఈద్ మరునాడు మెహదీపట్నంలో మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తనేలేదు, బహస్ మొదలైంది. మా భాన్జా ఎలక్ట్రిక్ కారు కొందామంటాడు. దుల్హేభాయ్ వద్దంటారు. ఆయన ఈ మధ్యే రిటైరయ్యారు. సూద్ లోన్ తీసుకోరు కాబట్టి కారు కొంటే మొత్తం నగదు ఒకేసారి కట్టాలి. పెట్రోల్ కారు పదిన్నర లక్షలు, అదే సైజు ఎలక్ట్రిక్ కారు పద్నాలుగు లక్షలు.

"మామూ, పెట్రోల్ బంకు మొహం చూసే పనే ఉండదు. మూడున్నర లక్షలు ఇట్టే వసూలైపోతాయి" అన్నాడు వాడు.

దుల్హేభాయ్ నా వైపు తిరిగి, "మియా, ఎనిమిదేళ్లకు బ్యాటరీ చేతులెత్తేస్తే నేనేం చేయాలి? అప్పటికి జీతం కూడా ఉండదు కదా" అన్నారు.

ఫైసలా నా మీదకు ఎందుకు వచ్చిందంటే, నేను బ్యాటరీ దుకాణం వాడి కొడుకును. గుంటూరులో మా అబ్బా లారీ బ్యాటరీలు బాగుచేసేవారు. రాత్రంతా వరసగా చార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీలు, యాసిడ్ ఘాటు, డిస్టిల్డ్ వాటర్ సీసాలు, యాసిడ్ చుక్కలు పడి చిల్లులైన అబ్బా చొక్కాలు... నా బచ్‌పన్ అంతా అదే. ఆయన ఒక మాట అనేవారు: "బేటా, ఇంజన్‌కి రోగం వస్తుంది, బ్యాటరీకి బుఢాపా వస్తుంది. రోగానికి దవా ఉంది. బుఢాపాకి లేదు." ఎలక్ట్రిక్ కారు తవారీఖ్ చదివితే అందులో నాకు ఆ మాటే కనిపించింది. ఆ రోజు దుల్హేభాయ్‌కి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఎలక్ట్రిక్ కారు నిన్న మొన్నటిదని చాలామంది అనుకుంటారు. హకీకత్ వేరు. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే సీసం బ్యాటరీని ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. 1881లో గుస్తావ్ ట్రూవే పారిస్ వీధుల్లో బ్యాటరీతో మూడు చక్రాల బండి నడిపాడు. 1899లో బెల్జియం వాసి కామిల్ జెనాట్జీ ఎలక్ట్రిక్ కారులోనే గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటాడు. దునియాలో అంతకు ముందు ఏ కారూ ఆ వేగం అందుకోలేదు. 1900లో అమెరికాలో 4,192 కార్లు తయారైతే 1,681 ఆవిరివి, 1,575 ఎలక్ట్రిక్‌వి. పెట్రోల్ కార్లు 936 మాత్రమే!

ఆ జమానాలో పెట్రోల్ కారు అంటే పొగ, మోత, వాసన. స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. ఇంజన్ ఉల్టా తన్నితే చెయ్యి విరిగేది. ఎలక్ట్రిక్ కారులో కూర్చుని మీట తోస్తే చాలు, చప్పుడు లేకుండా కదిలేది. అందుకే డాక్టర్లకు, పెద్దింటి ఆడవాళ్లకు అదంటే షౌక్. ఇంకో తమాషా వినండి. పెట్రోల్ కార్లతో దునియాను నింపిన హెన్రీ ఫోర్డ్ బేగం క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు!

మరి ఇంత మంచి సవారీ ఎందుకు మాయమైంది? చమురు కంపెనీల సాజిష్ అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. కానీ హిసాబు కితాబు తెరిస్తే కథ వేరేగా ఉంటుంది.

మొదటిది కీమత్. 1912లో అమెరికాలో పెట్రోల్ కారు దాదాపు 650 డాలర్లకు దొరికేది. ఎలక్ట్రిక్ కారు 1,750 డాలర్లు. సీసం బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుందని థామస్ ఎడిసన్ ఏళ్ల తరబడి మెహనత్ చేసి నికెల్, ఇనుముతో గట్టి బ్యాటరీ తయారుచేశాడు. అది దశాబ్దాలు బతికే రకం. కానీ డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారులో దాన్ని వేయించుకోవాలంటే అదనంగా 600 డాలర్లు కట్టాలి. అంటే ఒక పెట్రోల్ కారు వచ్చేంత డబ్బు ఆ బ్యాటరీ ఒక్కదానికే!

రెండోది ఠికానా, అంటే చార్జ్ చేసుకునే చోటు. సొంత గ్యారేజీ, ఇంట్లో కరెంటు ఉన్న అమీర్లకు ఇబ్బంది లేదు. రాత్రి ప్లగ్గు పెట్టుకుని పొద్దున తీసేవాళ్లు. కానీ అప్పట్లో పల్లెలకు కరెంటే లేదు. పెట్రోల్‌ని డబ్బాలో పోసి ఏ కిరాణా కొట్టులోనైనా అమ్మొచ్చు. కరెంటును డబ్బాలో పోయలేం కదా! 1901లో టెక్సాస్‌లో చమురు ఎగజిమ్మింది, పెట్రోల్ చౌకైంది. ఊరికీ ఊరికీ మధ్య మంచి రోడ్లు పడ్డాయి, జనం దూరాలు వెళ్లసాగారు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ఒక చార్జింగ్‌కి 130 కిలోమీటర్లు పోయే బండి ఊళ్లోనే మిగిలిపోయింది.

మూడోది 1912లో వచ్చింది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్‌ను క్యాడిలాక్ కారులో పెట్టారు. హ్యాండిల్ తిప్పే ముసీబత్ పోయింది. ఆ స్టార్టర్ కూడా ఒక చిన్న మోటారు, ఒక చిన్న బ్యాటరీయే. పెద్ద బ్యాటరీ కారుని ఓడించింది చిన్న బ్యాటరీ! మా అబ్బా దుకాణం నడిచింది కూడా ఆ చిన్న బ్యాటరీ పుణ్యానే. 1930ల నడిమికి ఎలక్ట్రిక్ కార్లు దాదాపు కనుమరుగయ్యాయి.

అయితే ఈ తవారీఖ్‌లో అందరూ ఓడిపోలేదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్నంలో అక్కడి కరెంటు కంపెనీ 1910లో ఒక కొత్త ఇంతిజామ్ చేసింది. లారీని బ్యాటరీ లేకుండా కొనుక్కోవచ్చు. బ్యాటరీ కంపెనీదే. ఖాళీ అయితే చార్జ్ చేసింది తగిలించి పంపుతారు. నెలకింత ఫీజు, నడిచిన మైలుకింత కిరాయా. బ్యాటరీ ముసలిదైతే ఆ నుక్సాన్ కంపెనీదే కానీ లారీ మాలిక్‌ది కాదు. 1924 దాకా నడిచిన ఈ పద్ధతిలో బళ్లు 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. ఇంగ్లండ్‌లో పాల బళ్లు కూడా దశాబ్దాల పాటు బ్యాటరీ మీదే నడిచాయి. రోజూ అదే దారి, కొద్దిపాటి దూరం, రాత్రికి తిరిగి డిపోలో చార్జింగ్. బ్యాటరీ బోఝ్ ఎవరిదో, రాత్రి ఠికానా ఎక్కడో ముందే తేలిన చోట ఎలక్ట్రిక్ బండి హాయిగా బతికింది. తేలని చోట చతికిలబడింది.

తర్వాతి తజ్రుబాలు కూడా ఇదే చెబుతాయి. 1996లో జనరల్ మోటార్స్ ఈవీ1 అనే కారు తెచ్చింది. దాన్ని అమ్మలేదు, కిరాయాకే ఇచ్చింది. కొన్నేళ్లకు అన్నింటినీ వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేసింది. కొంటామని బతిమాలినవాళ్లకు కూడా ఇవ్వలేదు. మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి చేతన్ మైనీ రేవా కారు తెచ్చారు. చిన్న కారు, ఒక చార్జింగ్‌కి 80 కిలోమీటర్లు. లండన్ వీధుల్లో కూడా తిరిగింది. కానీ లోపల ఉన్నవి మా అబ్బా దుకాణంలో ఉండే జాతి సీసం బ్యాటరీలే. కొన్నేళ్లకే మార్చాల్సి వచ్చేది.

అసలు ఇంక్విలాబ్ లిథియం బ్యాటరీతో వచ్చింది. 1991లో సోనీ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. దాని వెనకున్న ముగ్గురు సైంటిస్టులకు 2019లో నోబెల్ దక్కింది. ఒక యూనిట్ కరెంటును దాచుకునే లిథియం బ్యాటరీ 2010లో వెయ్యి డాలర్ల పైమాటే. 2024కి సగటున 115 డాలర్లకు దిగింది. 2020లో నెక్సాన్ ఈవీ 14 లక్షల దగ్గర మొదలైంది, బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీతో. 2024లో ఎంజీ కంపెనీ విండ్సర్ కారును బ్యాటరీ లేకుండా 9 లక్షల 99 వేలకు అమ్మింది. బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయల కిరాయా. హార్ట్‌ఫర్డ్ లారీ ఇంతిజామ్ నూరేళ్ల తర్వాత మన బజారుకు వచ్చిందన్నమాట!

ఇక ఆపా ఇంటి హిసాబుకు వద్దాం. భాన్జాను కాగితం తెమ్మన్నాను. పెట్రోల్ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 100 కిలోమీటర్లకు దాదాపు 700 రూపాయలు. ఎలక్ట్రిక్ కారుకి చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 15 యూనిట్లు అనుకుందాం. ఇంటి మీటరు మీద యూనిట్ 8 రూపాయలైతే 120. అంటే కిలోమీటరుకు దాదాపు ఆరు రూపాయల బచత్. మూడున్నర లక్షల ఫరక్ వసూలు కావాలంటే 60 వేల కిలోమీటర్లు తిరగాలి. దుల్హేభాయ్ ఏడాదికి తిరిగేది 8 వేలు. ఏడున్నర ఏళ్లు పడుతుంది.

అదే బయట చార్జింగ్ స్టేషన్‌లో యూనిట్ 20 రూపాయలైతే 100 కిలోమీటర్లకు 300. బచత్ నాలుగు రూపాయలకు పడిపోతుంది. వసూలుకు 87,500 కిలోమీటర్లు, అంటే పదకొండేళ్లు. వారంటీ ఎనిమిదేళ్లే కదా!

భాన్జా మొహం చిన్నబోయింది. "బేటా, కారు బురా కాదు. ఏడాదికి 40 వేలు తిరిగే ట్యాక్సీవాడికి ఇంట్లో ప్లగ్గు ఉంటే ఇదే హిసాబు ఏడాదిన్నరలో తేలిపోతుంది" అన్నాను. ఫాయిదాలు కూడా రాయించాను. జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. ఇంజన్ ఆయిల్, క్లచ్ ఖర్చులు లేవు.

తర్వాత సవాళ్లు రాయించాను. వారంటీ కాగితంలో బ్యాటరీ తాకత్ ఎంత శాతం కంటే తగ్గితే మారుస్తామన్నారు? కారు అమ్మేస్తే రెండో మాలిక్‌కి ఆ వారంటీ వెళ్తుందా? వానాకాలంలో సెల్లార్‌లోకి నీళ్లొస్తే బ్యాటరీకి బీమా ఉందా? గుంటూరు వెళ్లాలంటే, కాగితం మీద 300 అని రాసిన కారు ఏసీ వేసుకుని హైవే మీద 200 ఇస్తుందనుకోవాలి. సూర్యాపేట దగ్గర చాయ్‌కి ఎటూ ఆగుతాం, అక్కడ చార్జర్ ఖాళీగా లేకపోతే సబర్ ఎంతసేపు?

అన్నిటికంటే పెద్ద సవాల్ ఆపా వేసింది. అంతదాకా చాయ్ పోస్తూ వింటోంది. "మన ఫ్లాట్ నాలుగో అంతస్తు. కారు సెల్లార్‌లో. ప్లగ్గు ఎక్కడ పెడతారు? మీటర్ ఎవరిది?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. ముప్ఫై యూనిట్ల బ్యాటరీకి మామూలు 15 ఆంపియర్ ప్లగ్గు మీద పది గంటలు కావాలి. ఆ ప్లగ్గుకు విడిగా వైరు లాగాలి, సరైన ఎర్తింగ్ ఉండాలి, మన మీటరుకే కలపాలి, దానికి అసోసియేషన్ ఇజాజత్ కావాలి. 1912లో అమెరికాలో గ్యారేజీ లేనివాడు ఎక్కడ ఆగిపోయాడో, మా దుల్హేభాయ్ కూడా అక్కడే ఆగారు.

బుకింగ్ కోసం తీసిపెట్టిన పాతిక వేలు ఆయన మళ్లీ అల్మారాలో పెట్టారు. మర్నాడు అసోసియేషన్ సెక్రటరీకి దరఖాస్తు రాసుకున్నారు. భాన్జా ఎలక్ట్రీషియన్‌ను తెచ్చి సెల్లార్ నుంచి మీటర్ బోర్డు దాకా వైరు కొలిపించాడు. ఇజాజత్ వస్తే కారు, రాకపోతే పాత కారే ఇంకో రెండేళ్లు. ఈ ఫైసలా ఇద్దరికీ నచ్చింది.

మీ ఇంట్లో కూడా ఈ బహస్ నడుస్తుంటే షోరూమ్‌కి వెళ్లే ముందు ఒకసారి మీ సెల్లార్‌లోకి దిగి, ప్లగ్గు ఎక్కడ వస్తుందో చూసిరండి.