చామంతి మొక్క ఏపుగా పెరిగినా మొగ్గ రావట్లేదా? రాత్రిపూట లైటు పడుతోందేమో చూడండి!

ఎరువు వేశారు, నీళ్లు పోస్తున్నారు, పగలు ఎండ కూడా బాగానే తగులుతోంది. అయినా చలికాలం వచ్చేసరికి మీ చామంతికి మొగ్గే లేదా? అయితే బాల్కనీ బల్బు, వీధి దీపం వెలుగు దాని మీద పడుతోందేమో ఓసారి గమనించండి.

అసలు విషయం ఏంటంటే..

చామంతి 'షార్ట్ డే' మొక్క. అంటే పగలు తగ్గి, రాత్రి పెరిగినప్పుడే పూస్తుంది. హైదరాబాద్‌లో జూన్ చివర్లో పగలు సుమారు 13 గంటలు. డిసెంబర్‌లో సుమారు 11 గంటలే. ఈ తేడాను ఆకులు పసిగడతాయి. అందుకే మన దగ్గర చామంతి ఎక్కువగా చలికాలంలోనే పూస్తుంది.

మొక్క లెక్కపెట్టేది చీకటినే

ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. ఇది ముఖ్యంగా ఎరుపు కాంతికి స్పందిస్తుంది. అర్ధరాత్రి లైటు పడితే ఒక పెద్ద రాత్రి మొక్కకు రెండు చిన్న రాత్రులుగా మారిపోతుంది. దాంతో మొగ్గ మానేసి కొమ్మలు, ఆకులు పెంచుకుంటూ పోతుంది.

1920లోనే తేల్చారు

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ ఈ గుట్టు విప్పారు. 'మేరీల్యాండ్ మామత్' అనే పొగాకు రకం వేసవిలో ఎంత ఎత్తు పెరిగినా పూసేది కాదు. రోజూ కొన్ని గంటలు అదనంగా చీకట్లో ఉంచితే పూసింది!

రైతులకు ఇదే ఆయుధం

పండగ దాటాక పూసిన పువ్వుకు రేటు ఉండదు. అందుకే కొందరు చామంతి రైతులు పొలంలో బల్బులు కట్టి, రాత్రి 10 నుంచి 2 గంటల వరకు వెలిగిస్తారు. మొక్క తగినంత పెరిగాక ఆపేస్తారు. అక్కడి నుంచి రకాన్ని బట్టి సుమారు రెండు, మూడు నెలల్లో పూలు చేతికొస్తాయి. సంక్రాంతికి పూలు కావాలంటే లైట్లు ఎప్పుడు ఆపాలో వెనక్కి లెక్కేసుకుంటారన్నమాట.

ఇంట్లో ఇలా చేయండి

* రాత్రి లైటు పడని చోటికి కుండీ మార్చండి.
* పాయిన్‌సెట్టియా, కలంచో మొక్కలదీ ఇదే పద్ధతి. సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా అట్టపెట్టె బోర్లించి, పగలు తీసేయండి. మొగ్గలు బాగా కనిపించే వరకు ఒక్క రాత్రి కూడా మానొద్దు.
* గులాబీకి ఈ లెక్క వర్తించదు. అది పూయకపోతే ఎండ, కత్తిరింపు, ఎరువు సరిగా ఉన్నాయో లేదో చూడండి.