లక్కపూత: పాతకుర్చీకి పునర్జన్మ

భారతంలోని లాక్షాగృహాన్ని ఎఱుగని తెలుగువారుండరు. ఆ ‘లాక్ష’యే మన లక్క, ‘లాకర్’ అనే ఆంగ్లపదానికీ మూలమదే. మోదుగ, రేగు వంటి చెట్లపై లక్కపురుగులు స్రవించే ఈ పదార్థాన్ని స్పిరిట్‌లో కరగించి, గుడ్డతో కొయ్యపై రుద్దే ‘ఫ్రెంచి పాలిష్’ 19వ శతాబ్ది ఆరంభంలో ఐరోపాలో వ్యాపించింది. పేరు వారిది, లక్క మనది.

దీని ఘనత మెఱుపులో కాదు, మరమ్మతులో ఉంది. ఆరిన లక్క స్పిరిట్ తగిలితే మఱల కరగుతుంది. కనుక గీతలు పడినచోట సన్నరకం ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, పలుచని లక్కద్రావణం పూస్తే కొత్తపూత పాతపూతలో లీనమవుతుంది. 20వ శతాబ్దిలో వచ్చిన పాలీయురెథేను పూత నీటికీ వేడికీ బాగా ఓర్చుకుంటుంది గాని, ఇలా కలిసిపోదు.

తాతలనాటి కుర్చీని పారవేయదలచిన మిత్రులారా! ముందుగా, పొయ్యికి దూరంగా, స్పిరిట్‌లో తడిపిన దూదిని కనబడని ఒక మూల అద్ది చూడండి. పూత మెత్తబడి జిగటగా అంటితే అది లక్కే అయివుంటుంది. ఆ కుర్చీకి ఇంకా ఆయుష్షున్నది.