తిరిగే రోలు, నిలిచిన పొత్రం

రుబ్బురోలు చూడని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. గుంట గల బరువైన రాయి నేలమీద కదలక కూర్చుంటుంది. దానిలో ఇమిడే పొత్రాన్ని ఒక చేతితో తిప్పుతూ, రెండవ చేతితో పిండిని గుంటలోకి తోస్తూ ఉండాలి. నానిన మినపపప్పు ఇక్కడ తెగదు; గరుకు రాళ్ల నడుమ పడి నలుగుతుంది. పప్పులోని జిగురు బయటికి వచ్చి గాలిని పట్టుకొంటుంది. పిండి ఉబ్బి ఇడ్లీ మెత్తగా వచ్చేది అందువల్లనే. ఆ మెత్తదనం కోసం ఇంటి ఆడవారు భుజాలు పడిపోయేదాకా రోటి ముందు కూర్చోవలసి వచ్చేది.

ఈ శ్రమను విద్యుత్తుకు అప్పగించిన పట్టణం కోయంబత్తూరు. అది యాదృచ్ఛికం కాదు. 1932లో పైకారా జలవిద్యుత్తు ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతంలో నూలుమిల్లులు, పోతపని శాలలు వృద్ధి పొందినవి. 1937లో జి.డి. నాయుడు అక్కడే విద్యుత్ మోటారు తయారు చేయించారు. పిండి రుబ్బే యంత్రాన్ని 1955లో ఆ ఊరివారైన పి. సభాపతి రూపొందించారని ప్రతీతి.

పొత్రానికి మోటారు తగిలిస్తే సరిపోదా అని విద్యార్థులు అడుగవచ్చును. సరిపోదు. తిప్పే చేతికి మోటారు బదులు కాగలదు గాని, పిండిని తోసే చేతికి బదులేది? అందుచేత యంత్రంలో వరుస తలక్రిందులైనది. రోలే తిరుగుతుంది, పొత్రం ఉన్నచోటనే ఉంటుంది. అంచున కదలకుండా బిగించిన రేకు, తిరిగి వచ్చే పిండిని లోపలికి మళ్లిస్తుంది. రెండు రాళ్ల నడుమ రాపిడి మాత్రం మునుపటిదే.

ఇక వేగం. ఇటువంటి మోటారు నిమిషానికి సుమారు 1400 సార్లు తిరుగుతుంది. రోలు అంత వేగంతో తిరిగితే పిండి చిమ్ముతుంది, వేడెక్కుతుంది. పిండిని పులియజేసే సూక్ష్మజీవులకు ఎక్కువ వేడి గిట్టదు. కావున పెద్ద కప్పీ, చిన్న కప్పీ, వాటికొక బెల్టు అమర్చి వేగాన్ని దాదాపు పదోవంతుకు తగ్గించారు. మిక్సీ కత్తి పప్పును వేగంగా కోస్తుందే గాని నలపదు. పిండి తేడా వంటవారికి చేతితోనే తెలుస్తుంది.

తరువాత ఒంచి పిండి తీసే రకాలు, బల్లమీద పెట్టుకొనే చిన్న రకాలు వచ్చినవి. 2005-06లో కోయంబత్తూరు గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2011 నుండి తమిళనాడు ప్రభుత్వం గ్రైండర్లను ఉచితంగా కూడా పంచినది. రాయి అరిగి నునుపెక్కితే మాత్రం, వెనుక రోటికి వలెనే, దీనికీ కక్కు కొట్టించవలసినదే.