పేరు తప్పిన తోకకప్ప

సాలమాండర్‌కి తెలుగులో పేరు లేదు. అవసరం పడలేదు, అంతే. మన కొండల్లో అది లేదు, దక్షిణ భారతంలోనే లేదు. చూపుకి బల్లి, పుట్టుకకి కప్పల చుట్టం. మనదేశంలో దాన్ని చూడాలంటే డార్జిలింగు కొండలకో, ఈశాన్యానికో పోవాలి.

డార్జిలింగు తోకకప్ప జానెడు కూడా ఉండదు. ముదురు గోధుమరంగు, వీపుకి రెండువైపులా పులిపిర్ల వరస. చలికాలమంతా రాళ్ళకిందా ఆకుచెత్త కిందా దాక్కుని, వానలు మొదలవగానే కుంటల్లోకి దిగి గుడ్లు పెడుతుంది. పిల్లలకి మెడపక్కన ఈకల్లాంటి మొప్పలుంటాయి. అవి పోయేదాకా నీళ్ళే ఇల్లు. అంటే దానికి కుంట ఒక్కటే చాలదు, గట్టుమీది అడవీ కావాలి. ఒకటుండి ఒకటి లేకపోతే లేనట్టే.

దీనికి చాలాకాలం ఉన్న శాస్త్రీయనామం నిజానికి దీనిది కాదు. 1868లో ఇంగ్లీషువాళ్ళు బర్మాలోని భామో నుంచి చైనా యున్నాన్‌కి వర్తకపు దారి వెతుకుతూ ఒక బృందాన్ని పంపారు. నాయకుడు ఎడ్వర్డ్ స్లేడెన్. కలకత్తా ఇండియన్ మ్యూజియం సూపరింటెండెంటు జాన్ ఆండర్సన్ కూడా వెళ్ళాడు. అప్పుడు యున్నాన్‌లో పాంథే తిరుగుబాటు నడుస్తోంది. బృందం మోమియెన్ ఊరి దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది. దారి దొరకలేదు గానీ ఆండర్సన్‌కి తోకకప్పలు దొరికాయి. 1871లో వాటికి టైలోటోట్రైటన్ వెరుకోసస్ అని పేరు పెట్టాడు. మోమియెన్‌కి వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న డార్జిలింగు జీవి కూడా అదే పేరుకింద చేరిపోయింది.

పేరుదేముంది అనుకోవచ్చు. కానీ నేపాల్ నుంచి చైనా దాకా విస్తరించిన జాతి అని రాసుకున్నాక, డార్జిలింగులో ఒక కుంట పూడిపోతే ఎవరికి లెక్క? ఆ కొండల్లో తేయాకు తోటలు 1850ల నుంచీ పెరుగుతూనే వచ్చాయి. కుంటలు పూడ్చారు, కొన్నిట్లో చేపలు వదిలారు. చేపలకి తోకకప్ప గుడ్లూ పిల్లలూ మేత.

చట్టం పట్టించుకోలేదని అనలేం. వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఇది ఉండేది, ఆ యున్నాన్ పేరుతోనే. 1985లో సుఖియాపోఖరి దగ్గర జోరేపోఖరిని దీనికోసమే అభయారణ్యం చేశారు. పోఖరి అంటే నేపాలీలో కొలను. జోరేపోఖరి, జంట కొలనులు. విస్తీర్ణం 0.04 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో పదెకరాలు! మన ఊళ్ళలో ఒక్క రైతు కమతం అంతుంటుంది. అందులోనే యాత్రికుల వసతిగృహమూ ఉంది. పులికైతే ఇలా చేసేవాళ్ళా అని నాకు అనుమానం.

చివరికి 2015లో, తూర్పు నేపాల్ ఇలాం జిల్లా నమూనాల శరీరలక్షణాలూ డీఎన్ఏ పోల్చిచూస్తే ఇది వేరే జాతి అని తేలింది. టైలోటోట్రైటన్ హిమాలయానస్ అని పేరు పెట్టారు. ఆ పరిశోధనాపత్రం రాసినవాళ్ళలో మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞుడు కార్తికేయన్ వాసుదేవన్ ఒకరు. ఆండర్సన్ పేరు పెట్టిన 144 ఏళ్ళకి. ఈలోగా పూడిపోయిన కుంటల్లో ఉన్నవి మాత్రం యున్నాన్ పేరుతోనే పోయాయి.