బీపీటీ 5204 ఎవరిది?

హైదరాబాద్‌లో ఏ కిరాణా షాపుకి వెళ్లినా బియ్యం బస్తా మీద నెమలో, ఏనుగో, లక్ష్మీదేవో కనిపిస్తుంది. లోపలున్న గింజ పేరు మాత్రం చాలాసార్లు కనిపించదు. ఏం బియ్యం అని అడిగితే ‘బీపీటీ’ అంటారు. అమెరికాలో తెలుగువాళ్లు తూచినట్టు ఏరుకుని కొనే ‘సోనా మసూరి’ బస్తా మీద కూడా కంపెనీ బొమ్మే పెద్దది. ఈ పేర్ల వెనక ఏ కంపెనీ లేదు. బీపీటీ అంటే బాపట్ల. సోనా మసూరి అసలు పేరు బీపీటీ 3291. మనం ‘బీపీటీ’ అని ముద్దుగా పిలిచేది బీపీటీ 5204ని. కాగితాల మీద దాని పేరు సాంబ మసూరి, విడుదలైన సంవత్సరం 1986. రెండూ బాపట్ల ప్రభుత్వ పరిశోధనా స్థానంలో పుట్టినవే.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. కొత్త ఆవిష్కరణ అనగానే మా ఆఫీసుల్లో గుర్తొచ్చేది స్టార్టప్, ఫండింగ్, పేటెంట్. ప్రభుత్వం పేరెత్తితే ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు నవ్వేవాళ్లు మధ్యాహ్నం డబ్బా తెరిచి తినేది మాత్రం పూర్తిగా సర్కారీ ఆవిష్కరణ. దాని వంశవృక్షం చూస్తే నాకు ఏ రిపాజిటరీ హిస్టరీలోనూ దొరకనంత ఆసక్తి కలిగింది.

సాంబ మసూరికి ముగ్గురు పూర్వీకులు: జీఈబీ 24, టీఎన్ 1, మహ్సూరి.

మొదటి పేరు విన్నప్పుడు ఏదో రసాయనం అనుకుంటాం. కానీ అది ఒక ఉద్యోగం పేరు: గవర్నమెంట్ ఎకనమిక్ బోటనిస్ట్. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ పదవిలో ఉన్నవారి ఆధ్వర్యంలో కోయంబత్తూరులో 1912లో వరి పరిశోధన మొదలైంది. మన తెలుగు వైపు పండే కోనామణి అనే రకంలో సహజంగా పుట్టిన ఒక మార్పుని అక్కడ పట్టుకున్నారు. గింజ సన్నగా, అన్నం రుచిగా ఉన్న ఆ మొక్కని వేరుచేసి 1921లో విడుదల చేశారు. వలస ప్రభుత్వం రైతు మీద ప్రేమతో ఈ పని చేసిందని నేననను. కరువులు, పన్నులు, ధాన్యం వ్యాపారం, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. కానీ ఆ గింజ మిగిలింది. తర్వాత ప్రపంచమంతా పండిన ఐఆర్ 20, ఐఆర్ 36 లాంటి రకాల్లో కూడా దాని వారసత్వం ఉంది.

రెండోది తైవాన్ నుంచి. తైచుంగ్ నేటివ్ 1ని అక్కడి ప్రభుత్వ స్థానం 1956లో బయటకి తెచ్చింది. పొట్టి మొక్క. పాత రకాలకి ఎరువు ఎక్కువ వేస్తే ఏపుగా పెరిగి, గింజ బరువుకి చేను పడిపోయేది. పొట్టి మొక్క నిలబడుతుంది. హరిత విప్లవం ఇంజినీరింగ్ అంతా దాదాపు ఈ ఒక్క మాటలోనే ఉంది. అయితే టీఎన్ 1ది మొరటు గింజ. పైగా తెగుళ్లకి తేలిగ్గా లొంగుతుంది. ఎండాకు తెగులు పరీక్షల్లో ‘జబ్బు ఇలా ఉంటుంది’ అని పోల్చడానికి ఇప్పటికీ దాన్నే పక్కన నాటుతారు.

మూడోదాని కథ పొడవైనది. 1943 బెంగాల్ కరువు తర్వాత, 1946లో, కటక్‌లో కేంద్ర వరి పరిశోధనా సంస్థ పెట్టారు. 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ అక్కడే ఒక పథకం నడిపింది. తూర్పు ఆసియా జపానికా వరిని, మన వైపు ఇండికా వరిని కలిపి, పుట్టిన గింజల్ని ఆయా దేశాలకి పంపడం దాని పని. మలయా దేశపు మయాంగ్ ఎబోస్ 80, తైవాన్ తైచుంగ్ 65 కలయికల నుంచి మలేసియాలో 1965లో మహ్సూరి వచ్చింది. లంకావి ద్వీపపు కథల్లో మహ్సూరి అనే స్త్రీ ఉంది. మనవాళ్ల నోట్లో అది మసూరి అయింది. కొందరు మైసూరుతో కూడా కలిపేశారు!

అక్కడ పుట్టిన మహ్సూరి మళ్లీ మన దేశానికొచ్చింది. ఇక్కడ వ్యవసాయ పరిశోధకులు ఒక కథ చెబుతారు. అధికారిక పరీక్షల్లో చేను పడిపోతోందని మహ్సూరిని తిరస్కరించారట. ఆంధ్రాలో ఒక వ్యవసాయ కూలీ మాత్రం కాసిని గింజలు ఊరికి తీసుకెళ్లాడట. అక్కణ్ణుంచి చేలు మారి, ఊళ్లు మారి, చివరికి దేశంలో ఎక్కువగా పండే రకాల్లో ఒకటయింది. ఆ కూలీ పేరు ఎవరూ రాసిపెట్టలేదు. కానీ మారుటేరులో 1982లో వచ్చిన స్వర్ణకీ మహ్సూరే ఒక పేరెంట్. బాపట్ల బీపీటీలకీ అంతే. ఆ గుప్పెడు గింజల కథ నిజమైతే, తిరస్కరించిన ప్రభుత్వ వ్యవస్థ మళ్లీ ఆ పనికి వచ్చి కూర్చుందన్నమాట. నాకిది వ్యవస్థకి అవమానంగా కనిపించదు. తలుపు తాళం వేయకపోవడం వల్ల జరిగిన మేలుగా కనిపిస్తుంది.

బాపట్లలో ఎం.వి. రెడ్డిగారు, ఆయన సహచరులు చేసిన పని ఎలాంటిదో ఊహించడం మంచిది. వరి పువ్వు తనలో తాను ఫలదీకరణ చేసుకుంటుంది. సంకరం చేయాలంటే ఆ పువ్వు విచ్చుకోకముందే కత్తెరతో పొట్టు కొస కోయాలి. లోపలున్న ఆరు కేసరాల్ని చిమటాతో తీసేయాలి. గింజ కన్నా చిన్న వస్తువు మీద చేసే ఆపరేషన్ ఇది. మర్నాడు ఇంకో రకం పుప్పొడి దాని మీద దులపాలి. పుప్పొడి బతికేది కొద్ది నిమిషాలే. అలా కట్టిన గింజల్ని నాటితే మొదటి తరం. దాని పిల్లల్లో ఏ రెండు మొక్కలూ ఒకేలా ఉండవు. వేల మొక్కల్లో నచ్చినవి ఏరి, వాటి విత్తనం విడివిడిగా నాటి, మళ్లీ ఏరి, ఆరేడు తరాలు స్థిరపడేదాకా ఆగాలి. తర్వాత ఏళ్ల తరబడి పోలిక పరీక్షలు. ఆ తర్వాత రైతుల పొలాల్లో మినీకిట్లు. 5204 అనేది ఆ వరసలో ఒక కల్చర్ నంబరు. ముందున్న నంబర్లు ఎక్కువ భాగం ఎవరికీ తెలియకుండా పోయాయి. మా ప్లానింగ్ క్వార్టర్ దాటదు. వీళ్లది పదిహేనేళ్లు.

ఐఆర్ 8 లాంటి మొదటి అద్భుత వంగడాలు దిగుబడి ఇచ్చాయి. అన్నం మాత్రం జనానికి నచ్చలేదు. సాంబ మసూరిలో రెండూ కుదిరాయి. ప్రైవేటు కంపెనీ ఈ పని ఎందుకు చేయలేదన్న ప్రశ్నకి జవాబు గింజలోనే ఉంది. వరి విత్తనం పంటే మళ్లీ విత్తనం. రైతు ఒకసారి కొని, దాచుకుని, పక్కవాడికి పంచితే కంపెనీకి రెండో ఏడు ఏం మిగలదు. ఏటా కొత్తగా కొనాల్సిన హైబ్రిడ్ పత్తిలో, మొక్కజొన్నలో కంపెనీలకి లాభం. అందుకే హైదరాబాద్ చుట్టూ అన్ని విత్తన కంపెనీలున్నా, మన కంచంలోకి అన్నం మాత్రం బాపట్ల, మారుటేరు, జగిత్యాల స్థానాల నుంచే ఎక్కువగా వచ్చింది. విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండ్ లేకుండా అమ్ముకునే హక్కుని 2001 చట్టం 39వ సెక్షన్‌లో రాసింది. అంతకు ఎంతో ముందే ఊళ్లలో అది మామూలు సంగతి.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. సాంబ మసూరికి ఎండాకు తెగులు పెద్ద బలహీనత. ఆకుల అంచులు ఎండుతూ పోతాయి. దానికి సరైన మందు లేదు. తట్టుకునే జన్యువు ఆఫ్రికాలో దొరికింది. మాలి దేశపు ఒక అడవి వరికి తెగులు రాదని 1970ల్లో కటక్‌లో ఎస్. దేవదత్ గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం ఏళ్లపాటు కష్టపడి దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. ఎక్స్‌ఏ 21 అని పేరు పెట్టారు. ఇక్కడ దారి రెండుగా చీలింది.

ఒక దారి కాలిఫోర్నియాకి. 1995లో డేవిస్‌లో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువుని క్లోన్ చేసింది. యూనివర్సిటీ పేటెంట్ తీసుకుంది. అడవి వరి ఇచ్చిన దేశాలకి కూడా వాటా దక్కాలని, కంపెనీల రాయల్టీతో ఒక నిధి నడిపే ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిదే. కానీ లైసెన్సుకి ఆసక్తి చూపిన కంపెనీలు ఆ జన్యువుతో విత్తనం మార్కెట్‌కి తేలేదు. ఎదురుచూసిన రాయల్టీ రాలేదు.

రెండో దారి పాత పద్ధతిలో, గింజలు కవర్లలో పంపుకుంటూ నడిచింది. ఆ జన్యువు లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడ మరో రెండు నిరోధక జన్యువులు, ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13, తోడయ్యాయి. ఆ రకం హైదరాబాద్ వచ్చింది. రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ, తార్నాక పక్కనున్న సీసీఎంబీ కలిసి దాన్ని సాంబ మసూరితో సంకరం చేశాయి. చిక్కు ఎక్కడంటే, ఎక్స్‌ఏ 21 ఒక్కటున్నా మొక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మిగతా రెండూ లోపల ఉన్నాయో లేదో కంటికి తెలియదు. అందుకే ప్రతి తరంలో ఆకు ముక్క తీసి డీఎన్ఏ చూడాలి. నాలుగుసార్లు మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. అలా కలిపింది మూడు జన్యువులు మాత్రం ఉండి, మిగతాదంతా పాత అన్నం రుచే రావాలని. మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. మొక్కల్ని కలిపే పద్ధతి కాబట్టి జన్యుమార్పిడి పంటల గొడవ దీనికి లేదు.

ఒకటే జన్యువు. తాళం వేసిన దారిలో పొలం దాకా రాలేదు. జీతం తీసుకునే ఉద్యోగులు ఒకరి గింజలు ఒకరు వాడుకున్న దారిలో వచ్చింది. పేటెంటే అడ్డు పడిందని నేను రుజువు చేయలేను. జన్యుమార్పిడి వరికి ఉన్న వ్యతిరేకత, ఖర్చు కూడా కారణాలే. అయినా ఈ జంట కథలు పక్కపక్కన పెట్టుకుని చదవాల్సినవి.

ఇంత లాభం చూసి ప్రభుత్వాలు పరిశోధనకి డబ్బు పోస్తున్నాయనుకుంటే పొరపాటు. వ్యవసాయ పరిశోధన మీద పెట్టే ఖర్చు దేశపు వ్యవసాయ జీడీపీలో అర శాతం కూడా లేదు. పెట్టిన ప్రతి రూపాయికి 13.85 రూపాయల ఫలితం వస్తుందని 2023-24 ఆర్థిక సర్వేలో కేంద్రమే రాసుకుంది. తెలంగాణలో సన్నాలకి క్వింటాలుకి 500 రూపాయల బోనస్ ఉంది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకున్న ఇళ్లకి అది చిన్న విషయం కాదు. నేను దాన్ని తప్పుపట్టను. కానీ బోనస్ ఆ సీజన్‌లోనే రైతు ఖాతాలో కనిపిస్తుంది. బ్రీడర్ ఖాళీ పోస్టు నింపకపోతే ఆ నష్టం పదిహేనేళ్ల తర్వాత, ఎవరో వేరే ముఖ్యమంత్రి హయాంలో కనిపిస్తుంది. ఏది ముందు జరుగుతుందో చెప్పడానికి రాజనీతి శాస్త్రం చదవక్కర్లేదు.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు జన్యుసవరణ వరి రకాల్ని ప్రకటించారు. ఒకటి కమల, అంటే డీఆర్ఆర్ ధాన్ 100. రాజేంద్రనగర్‌లోనే, సాంబ మసూరి జన్యువుల్లో ఒకదాన్ని సరిదిద్ది తయారు చేశారు. ఇరవై రోజులు ముందు కోతకొస్తుందని, దిగుబడి 19 శాతం ఎక్కువని చెప్పారు. ఆ లెక్కల మీద విమర్శకులు ప్రశ్నలు వేశారు, వేయాలి కూడా. రెండోదానికి ఆధారం కాటన్‌దొర సన్నాలు, మారుటేరు ఎంటీయూ 1010. దేశం మొదటిసారి జన్యుసవరణ వరి చేయడానికి ఎంచుకున్న రెండూ మన డెల్టా సర్కారీ గింజలే. బయటి జన్యువు చేర్చని ఇలాంటి సవరణలకి 2022లోనే కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఇచ్చింది.

గింజ మనది, ల్యాబు మనది, జీతాలు మనవి. కత్తెర మాత్రం మనది కాదు. క్రిస్పర్ పనిముట్ల పేటెంట్లు విదేశీ విశ్వవిద్యాలయాల, కంపెనీల చేతిలో ఉన్నాయి. మన పేటెంట్ చట్టం మొక్కకి, విత్తనానికి పేటెంట్ ఇవ్వదు. పద్ధతి సంగతి వేరు. పరిశోధన వరకు ఇబ్బంది లేదు, అమ్మకానికి వస్తేనే లైసెన్సు అడుగుతారు. బాపట్లలో 1986లో ఆ సంచి మీద ఎవరి సంతకమూ అవసరం లేకపోయింది. కమల రైతు చేతికి వెళ్లేలోపు ఆ సంతకం ఎవరు పెడతారో, దానికి డబ్బు ఎవరు కడతారో, పండిన గింజ పక్కింటి రైతుకి ఇచ్చుకోవచ్చో లేదో రాతపూర్వకంగా తేలాలి.