పుస్తకం మోసినవారి సభలు

తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్ర సాధారణంగా గ్రంథాలయాల లెక్కతో మొదలై దాతల పేర్లతో ముగుస్తుంది. వాటిని నడిపిన కార్యకర్తలు ఒకచోట కూర్చోవలసిన అవసరం ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. విడివిడిగా ఉన్న పఠన మందిరాలను ఉద్యమంగా మార్చినవి ఆ కూడికలే.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య, సూరి వెంకట నరసింహశాస్త్రి ప్రభృతుల పూనికతో జరిగిన ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. అంతకుముందు ఏ ఊరి గ్రంథాలయం గోడు ఆ ఊరిదే. చందా ఇచ్చేవాడు ఇస్తాడు, పుస్తకం తీసుకున్నవాడు తిరిగి ఇవ్వడు, చదువురాని రైతుకు పత్రిక ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఇవన్నీ తన ఒక్కడి కష్టాలు కావని గ్రామ కార్యకర్తకు తెలియడం చిన్న విషయం కాదు.

దీన్ని బరోడాతో పోల్చి చూడాలి. అక్కడ 1910లో మహారాజు సయాజీరావు అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ణి రప్పించి, సంస్థానం ఖజానా నుంచి ఖర్చు పెట్టి గ్రంథాలయ వ్యవస్థను నిర్మించాడు. మనకు మహారాజు లేడు, నిపుణుడూ లేడు. ఉన్నది సభ ఒక్కటే. 1919 నవంబర్ 14న మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కర్ అధ్యక్షత వహించాడు. ప్రభుత్వం నిర్మించిన మార్గమూ ప్రజలు వేసుకున్న బాటా ఆనాడు ఒకే వేదిక మీద కలిశాయి.

నైజాంలో పరిస్థితి వేరు. సభ జరపాలంటేనే సర్కారు అనుమతి కావాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిన తర్వాత తెలుగు చదువుకు నీడ దొరికింది గాని, మాట్లాడుకునే చోటు దొరకలేదు. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో జరిగిన గ్రంథాలయ సభలు ఆ చోటును కల్పించాయి. పుస్తకాల పేరిట కూడినవారు భాష గురించీ, బడుల గురించీ, ఆపైన హక్కుల గురించీ మాట్లాడకుండా ఎలా ఉంటారు? 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరగడానికి నేల ఇలాగే సిద్ధమైంది.

అయితే ఈ సభల్లో కూర్చున్నవారెవరు? ప్రధానంగా అక్షరమున్న మధ్యతరగతి. అదే బెజవాడలో 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచములుగా పిలవబడినవారు సమావేశమై, ఆ పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. రెండు సభలకూ మధ్య మూడేళ్లే దూరం. అయినా గ్రంథాలయ చరిత్రల్లో రెండోదాని ప్రస్తావన కనిపించడం అరుదు. గ్రంథాలయం గడప ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు అన్నది ఆ చరిత్రలు తప్పించుకున్న ప్రశ్న.

పుస్తకాన్ని గడప దాటించినవారూ లేకపోలేదు. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి తెలంగాణలో పుస్తకాలు చేతబట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఇటువంటివారు సభల్లో చేసిన ఉపన్యాసాలకన్నా నడిచిన దారులే మనకు ఎక్కువ చెబుతాయి.

1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడ్డాయి. ఉద్యమం కోరినదే అది. కార్యకర్త ఉద్యోగి అయ్యాడు, సభ ఎజెండాలోకి జీతభత్యాలూ, సర్వీసు నిబంధనలూ చేరాయి. అది న్యాయమే, ఆకలితో ఎవరూ ఊరికి చదివి వినిపించలేరు. కాని ఆ ఎజెండాలో చదువురాని రైతు ప్రసక్తి క్రమంగా అడుగుకు జారింది. ప్రజల నుంచి వసూలైన పన్నును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సకాలంలో జమచేయడం లేదన్న ఫిర్యాదు మాత్రం, రాష్ట్రం రెండైన తర్వాత కూడా, రెండుచోట్లా వినిపిస్తూనే ఉంది.